మనాలి మబ్బుతో నా వాదం

మంచు గొప్పదంటారు. నాకైతే అందులో గొప్పేమీ కనిపించలేదు. ప్రొద్దుటూరు సోడా అంగళ్ల ముందు గోనెసంచిలో చుట్టి పడేసే ఐసుగడ్డను తురిమి కొండ మీద పోస్తే అదే మంచు. దాన్ని చూడడానికి, ఎవరెవరో తొడిగి విడిచిన అద్దె కోట్లలో దూరి, వాళ్ల చెమట కంపు పీలుస్తూ, పులివెందుల నుంచి మనాలి దాకా పోయిన తెలివితక్కువవాళ్లలో నేనూ ఒకణ్ణి.

జనవరి నెల. వ్యాను దిగి అరమైలు ఎక్కేసరికి మా ఆవిడకు ఆయాసం మొదలైంది. ఒక రాతి మీద కూర్చోబెట్టాను. అంతలో మాతో పాటు ఎక్కిన వ్యాను డ్రైవరు పడమటి శిఖరం వైపు చెయ్యి చూపించి హిందీలో ఏదో అరిచాడు. నడివయసు మనిషి, ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. మాతో వచ్చిన ప్రొద్దుటూరు దర్జీ సాయబు తెలుగులో చెప్పాడు.

"మామా, మంచు తుఫాను వస్తాందంట. ఇప్పుడే దిగకపోతే దారి మూసుకపోతాదంటాండాడు. అత్తకు ఊపిరాడేది శానా కష్టమంట."

పైకి చూశాను. సీసం రంగు మబ్బు. నాకు నవ్వొచ్చింది.

"ఇట్లాంటి మబ్బులు మా చేని మీద ఎన్ని పోలేదప్పా! మూడుసార్లు నమ్మి శనక్కాయలు ఇత్తినా. ఒక్క చినుకన్నా రాల్చిందా? వచ్చేది, ఉరిమేది, పొయ్యేది. దుడ్లు పోసి వచ్చినాం, ఫోటోలు తీసుకోని పోదాం."

"ఆయప్ప ఈడ పుట్టినోడు. నువ్వు యాడ పుట్టినావయ్యా?" అంది ఆవిడ రొప్పుతూ.

"నువ్వు గమ్మునుండు," అన్నాను.

అరగంట వాదించాను. ముందు శిఖరం కనపడకుండా పోయింది. తర్వాత ఎదుటి కరెంటు స్తంభం. తర్వాత నా బూట్లు.

ఆ పైన జరిగింది పులివెందుల బస్టాండు టీ అంగట్లో నా నోట చాలామంది విన్నారు. మోకాలి లోతు మంచులో ఆవిడను భుజాన వేసుకుని రెండు మైళ్లు దిగానని. మొదట్లో ఒక మైలే, చెప్పగా చెప్పగా రెండయింది. ఆ గాలికి గండికోట గోడలైనా కూలేవని కూడా చేర్చాను.

అంతా అబద్ధం. ఆవిడను వ్యాను దాకా వీపున మోసింది డ్రైవరు. నేను వెనక అతని మఫ్లరు కొస పట్టుకుని, గుడ్డివాడిలా నడిచాను. ఒకచోట జారి, అతన్నీ లాగబోయాను. అతను తిట్టాడు. సాయబు ఆ తిట్టును తెలుగులో చెప్పలేదు. నాకు బాగానే అర్థమైంది. నా ముందు, అతని వీపు మీద ఆవిడ గొంతులో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. మధ్యలో ఒకసారి అవీ ఆగిపోయాయి. దేవుళ్లందరినీ పిలిచాను, ఒక్కరి పేరూ సరిగా రాలేదు.

కింది ఊరు చేరి, టీ అంగట్లో ఒక టీ తాగాక ఆవిడకు ఊపిరి కుదుటపడింది. డ్రైవరు చేతులు పట్టుకుని, "సల్లగుండు నాయనా," అంది. నా వైపు చూడలేదు. ఇంకో టీ కావాలని మాత్రం ఖాళీ గ్లాసు నా ముందుకు నెట్టింది. ఇంట్లో మంచినీళ్లయినా ముంచుకుని ఎరగని నేను లేచి పోయి తెచ్చాను.