రాహుకాలంలో కదిలిన బంటు

2022. కరీంనగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో చదరంగం పోటీలు. నేను ఆర్బిటర్‌ని, అంటే తీర్పరిని. నియమం తప్పితే చెప్పాలి, ఎత్తు మాత్రం చెప్పకూడదు. నోరు కట్టుకోవడం అంత కష్టమైన రోజు నాకు మరొకటి లేదు.

ఆదివారం సాయంత్రం చివరి రౌండు. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు వెళతారు. తెల్లపావులు చొప్పదండి సునీతవి. డిగ్రీ చదువుతోంది, తండ్రి రాజమల్లు మరమగ్గం నడుపుతాడు. ఎదురుగా భైంసా పత్తి వ్యాపారి రహీం. ఆయన గడియారం నొక్కగానే సునీత సమయం కరగసాగింది. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

తాడు అవతలున్న రాజమల్లును అడిగాను. "బిడ్డకు పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది సార్. రాహుకాలం నడుస్తుంది. అది పోయేదాక పావు ముట్టొద్దని చెప్పిన. ఇంకో అరగంటనే."

ఆమెకున్న సమయంలో చాలా భాగం ఆ అరగంటే మింగుతుంది. నాకు ఒళ్లు మండింది. అంతలో సునీత చెయ్యెత్తింది.

"జరసేపు గడియారం ఆపుండ్రి సార్. రాహుకాలం."

"పానం బాగలేకుంటే ఆపుత. రాహువు కోసం ఆపే రూలు నా పుస్తకంల లేదమ్మా."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన వద్దని తల ఊపాడు. ఆమె బంటును ఒక గడి జరిపింది. తర్వాత ఆ సందులో బిషప్‌ను పెట్టింది. మా దగ్గర దాన్ని ఒంటె అంటారు. ఇలా పక్కన నిలబెట్టి, మూల నుంచి మూలకు పోయే ఏటవాలు దారిని కాపలా కాయించడమే ఫియాంచెటో.

నాకు అసలు భయం అప్పుడు మొదలైంది. ఆ హాల్లో ఓడిన ఎవరినీ ఏ గడియలో ఆడావని అడగరు. ఈమె ఓడితే మాత్రం ఆ ఇంట్లో రాహుకాలానికి జీవితాంతం అదే రుజువు. తీర్పరికి పక్షం ఉండకూడదు. అయినా ఆమె గెలవాలని కోరుకున్నాను.

సమయం తరుముతుంటే ఆమె ఆ ఒంటెనిచ్చి గుర్రాన్ని తీసుకుంది. దాని కాపలా పోయి ఆమె రాజు చుట్టూ కంతలు పడ్డాయి. రహీం మంత్రి వాటిలోంచే జొరబడింది. సునీత ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపింది.

"చెప్తే వింటివా?" అన్నాడు రాజమల్లు. "ఊకెనే పోతదా రాహుకాలం?"

నేను నోరు తెరిచేలోపే సునీత పావుల్ని వెనక్కి పేర్చింది. "ఇటు రా బాపూ. తిడితే ఈ ఎత్తుకు తిట్టు. గీడ ఒంటెను ఇచ్చుకున్న. అప్పటికి నీ రాహుకాలం ఎప్పుడో పోయింది. మంచి గడియలనే ఆట చెడగొట్టుకున్న."

"అవు భాయ్," అన్నాడు రహీం. "గా ఒంటె ఉంటే నేనే పరేషాన్ అయితుంటి."

రాజమల్లు బల్ల మీదికి వంగి ఆ గడిని చూశాడు. "మరెందుకిచ్చినవే?"

ఆమె గెలిచి ఉంటే ఆయన ఇంకో కారణం వెతుక్కునేవాడు. నేను వాదిస్తే పంతానికి పోయేవాడు. కారణం ఉన్న గడి మీద ఆమె వేలు పెట్టింది. అప్పటినుంచి నేను కూడా, ఓడినవాళ్లు కాలాన్ని తిట్టడానికి ముందే, తప్పు ఏ గడిలో జరిగిందో వాళ్లకు చూపిస్తున్నాను.