లైనింగు గుడ్డ సంచుల్లో అవ్వ పాటలు

నాయన ట్రంకుపెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. అడుగున నాలుగు సీడీలు, ఒక్కొక్కటీ ఒక్కో లైనింగు గుడ్డ సంచిలో, సంచి మీద ఎర్రదారంతో కుట్టిన సంవత్సరం.

నాయుడుపేటలో నాయనది టైలరు పని. పేరు రాసిన గుడ్డముక్క పిన్నుతో గుచ్చనిదే ఏ బట్టా మా అంగట్లో ఉండేది కాదు. పాత కంప్యూటరొకటి కొనుక్కొచ్చిన రోజే దానికి, కీబోర్డుకి, ఆఖరికి మౌసుకి కూడా చీటీ గుడ్డతో తొడుగులు కుట్టాడు. మౌసుకి చొక్కా తొడిగాడని వీధంతా నవ్వింది. డిసెంబరులో, పులికాటు వైపు నుంచి చలిగాలి వీస్తూ, వంటింట్లో అమ్మ అరిసెలు ఒత్తుతూ, పండగ బట్టలు కుప్పలుగా మీద పడుతున్న రోజుల్లోనే నాయన మిషను ఆపి, వాళ్లమ్మను మైకు ముందు కూర్చోబెట్టేవాడు. అవ్వ వక్కాకు ఉమ్మివచ్చి, ముసుగు సర్దుకొని, కళ్లు మూసుకొని క్రిస్మస్ పాటలు పాడేది. పిల్లలం కిసుక్కుమంటే పాట ఆపకుండానే తొడపాశం పెట్టేది. పేర్లు టైపుచేసి ఆ పాటల్ని కంప్యూటర్లో దాచే ఉద్యోగం నాది.

నేను ఏడో తరగతిలో ఉండగా కంప్యూటరు మొరాయించింది. లోపలున్నదంతా తుడిచేస్తే తప్ప బాగుపడదన్నాడు రిపేరుకు వచ్చినతను. ముందుగా పాటల్ని సీడీల్లోకి ఎక్కించమని నాయన నాకు అప్పగించాడు. పేనుకు పెత్తనమిచ్చినట్టే అయింది. తెర మీద పాటల పేర్లతో ఉన్న బొమ్మల్ని లాగి సీడీల్లో వేశాను. వాటి మూలనున్న బాణం గుర్తును చూశాను గానీ, అవి పాటలు కావనీ, పాట ఎక్కడుందో చూపే షార్ట్‌కట్ దారులు మాత్రమేననీ అప్పుడు నాకు తెలియదు. పరీక్షగా సీడీ పెట్టి నొక్కితే అవ్వ పాడింది కూడా. అప్పటికింకా కంప్యూటర్లోనే ఉన్న పాట అది.

“అన్నీ ఎక్కినాయా పాపా?” అని అడిగాడు నాయన.

“ఎక్కినాయి నాయనా.”

ఆ సాయంత్రమే కంప్యూటరును తుడిపించాడు.

మరుసటేడు అవ్వ పోయింది. ఆ గొంతు వినే ధైర్యం నాయనకు చాలా ఏళ్లు రాలేదు. వచ్చేసరికి మా చుట్టుపక్కల సీడీ పెట్టే కంప్యూటరే లేకుండా పోయింది. ఇప్పుడు నేను ఫోనులోని ఫోటోలను నెలవారీగా సర్ది మూడుచోట్ల దాచుకునే మనిషిని. నిన్న ఆఫీసులో సీడీ డ్రైవు అడిగి తెచ్చాను. నాయన పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నాలుగు సీడీల్లోనూ నేను టైపుచేసిన పేర్లున్నాయి. ఏది నొక్కినా ఫైలు లేదనే వచ్చింది.

ఆ బాణం గుర్తులు చూశాక నాకు అర్థమై, జరిగింది చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. సీడీలను ఒక్కొక్కటిగా వాటి సంచుల్లో పెడుతూ అడిగాడు.

“మాయమ్మ గొంతు ఎట్టుండేదో నీకేమన్నా గుర్తుండాదా పాపా?”

వెతుక్కున్నాను. పాటల్లోని మాటలన్నీ వరసగా వచ్చాయి, అన్నీ నా గొంతుతోనే.

“లేదు నాయనా.”

“నాకూ లేదు,” అన్నాడు.