ఏబీసీకి ఆర్‌పీక్యూ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, డిసెంబరులో, బెల్లంపల్లిలో జరిగిన అంతర్ పాఠశాలల గణిత పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా వేశారు. అప్పుడు నేను సుల్తానాబాద్‌లో లెక్కల స్కూల్ అసిస్టెంటును. అంటే హైస్కూలు టీచరునే. ఎవరికో సహాయకుడిననుకుని మా బంధువులు చాలాకాలం జాలిపడ్డారు.

ఆ పోటీలో పిల్లలు అందరి ముందు బోర్డు మీద నిరూపించాలి. ప్రశ్నలు అడిగే అక్కడి హెడ్మాస్టరు గారి చేతిలో జవాబు కాగితం ఉంటుంది. గెలిచిన ఒక్కరే హైదరాబాద్ పోటీకి వెళతారు. చివరికి ఇద్దరు మిగిలారు: భైంసా నుంచి వచ్చిన రుక్మ, మా బడి పిల్లవాడు శ్రీకాంత్. ఆఖరి ప్రశ్న రుక్మది. తప్పితే మావాడిదే గెలుపు. నా మనసు ఎటు మొగ్గిందో చెప్పనక్కర్లేదు.

ఏబీసీ త్రిభుజంలో ఏ యాభై, బీ అరవై డిగ్రీలు. పీక్యూఆర్‌లో పీ అరవై, క్యూ డెబ్భై. రెండూ సరూపాలని, అంటే కొలతలు వేరైనా ఆకారం ఒకటేనని, చూపాలి. రుక్మ మూడో కోణాలు లెక్కగట్టింది: సీ డెబ్భై, ఆర్ యాభై. రెండేసి కోణాలు సమానమైతే చాలు, త్రిభుజాలు సరూపాలే. చివర ‘ఏబీసీకి ఆర్‌పీక్యూ సరూపం’ అని రాసింది.

హెడ్మాస్టరు గారు కాగితం చూసి, తప్పన్నారు. అందులో ఏబీసీకి పీక్యూఆర్ అని ఉంది. శ్రీకాంత్ అప్పుడే లేచి నిలబడ్డాడు.

రుక్మ సుద్దముక్క వదల్లేదు. "జర చూడుండ్రి సార్. ఏ కాడ యాభై, పీ కాడ అరవై. యాభైకి అరవై ఎట్ల సమానమైతది?"

పేర్ల వరుసలో మొదటిది మొదటిదానికి, రెండోది రెండోదానికి సరిపోవాలి. ఆ పిల్ల మాట నిజం. నాకు సంతోషం కలగలేదు, దిగులేసింది. అయినా లేచి, జవాబు సరిచూడాలన్నాను.

హెడ్మాస్టరు గారు నా చెవిలో, "గెల్సింది మీ పిల్లగాడే గద సారూ, మీకేం పరేషాన్?" అన్నారు.

ప్రతి అక్షరం కింద దాని కోణం రాయమని రుక్మకు చెప్పాను. రాసింది. ఆయన బోర్డును చూశారు, కాగితాన్ని చూశారు, ఫక్కున నవ్వారు. "ఏబీసీ అనంగనే చెయ్యి పీక్యూఆర్ మీదికే పోతది. నువ్వే కరెక్ట్ బిడ్డా."

లెక్కల టీచర్లందరి జబ్బే అది. హైదరాబాద్‌కు రుక్మే వెళ్లింది.

తిరుగు బస్సులో శ్రీకాంత్ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. పెద్దపల్లి దాటాక, అరచేతిలో పెన్నుతో ఏదో వేసి చూసుకుని, "ఆమెదే కరెక్ట్ సార్," అన్నాడు.

సరూపత కోణాల్లో ఉంటుంది, పేర్లలో కాదు. న్యాయనిర్ణేత ముందు బోర్డు చూడాలి, తర్వాత కాగితం. తన బడి పిల్లవాడి మొహం అన్నిటికన్నా చివర చూడాలి.