మావయ్య చూడని గుజరాత్

మా మేనమామ పోయాడని అమ్మ భావనపాడు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను రాజాంలో, మా బడి స్టాఫ్ రూములో ఉన్నాను. ఎవరని పక్క టీచరు అడిగింది. "మా మావయ్య. గుజరాత్ బోట్ల మీద పనిచేసేవాడు," అన్నాను. మనిషి పోయి గంట కాలేదు, అప్పుడు కూడా నా నోట అబద్ధమే వచ్చింది.

మావయ్య గుజరాత్ ఎరగడు. వల దగ్గర మొదలైన గొడవలో తెడ్డుతో కొట్టాడు, అవతలి మనిషి చనిపోయాడు. యావజ్జీవం పడింది. పద్నాలుగేళ్ళు సెంట్రల్ జైల్లో ఉన్నాడు. నా పెళ్ళిచూపుల్లో రాజాం వాళ్ళు మేనమామ ఏడని అడిగితే, అమ్మ నోరు తెరిచేలోగా నేనే గుజరాత్ అనేశాను. మా ఊళ్ళో ఇంటికొక మగాడు అక్కడి బోట్ల మీదే ఉంటాడు కనుక ఎవరూ మారు మాట్లాడలేదు. భలే తప్పించుకున్నానని మురిసిపోయాను కూడా.

అమ్మ ములాఖత్‌కి వెళ్ళినప్పుడు ఊచల ఇవతల నిలబడి ఈ సంగతి చెప్పిందట. ఆయన, "మంచిదే సెప్పింది. ఆ మాటే ఉండనీ," అన్నాడట. ఆయన్ని చూడడానికి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

విడుదలయ్యాక మా ఇంటికి వచ్చాడు. వచ్చే ముందు, గుజరాత్‌లోని వేరావల్ రేవు నుంచి తిరిగొచ్చిన మా ఊరి కుర్రాళ్ళ దగ్గర కూర్చుని, అక్కడ చలి ఎలా ఉంటుంది, బోటుకి ఎంతమంది, ఏం వండుకుంటారు, అన్నీ అడిగి తెలుసుకున్నాడని తర్వాత తెలిసింది. మా ఆయన అడిగిన వాటికి తడుముకోకుండా చెప్పాడు. తిన్న కంచం తనే కడిగేవాడు. ఎవరైనా రమ్మనేదాకా గుమ్మం దాటేవాడు కాదు. "బోట్ల మీద ఎంత పద్ధతి నేర్పుతారో!" అని మా అత్తగారు మెచ్చుకుంటే నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

జైలు గురించి నాకు ఒక్కసారే చెప్పాడు, నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఒడ్డున వల బాగుచేస్తూ. పాత జైలు తెల్లదొరల నాటిదట. ఊరు పెరిగి గోడల దాకా వచ్చేస్తే కొండ కిందికి మార్చారట. రెండు పెద్ద గేట్లు. ఒకటి మూస్తేగానీ రెండోది తీయరు. పొద్దున, సాయంత్రం వరసగా కూర్చోబెట్టి తలలు లెక్కపెడతారు. లోపల మగ్గాలున్నాయి, బడి ఉంది.

"దుప్పట్లు నేసేవోళ్ళం. ఆస్పత్రులకి ఎల్లేవి. సదువూ అక్కడే వచ్చింది తల్లీ. మీ అమ్మ తెచ్చిన నీ పెళ్ళి కార్డు కూడబలుక్కుని నేనే సదువుకున్నాను."

ఆ కార్డులో ఆయన పేరు లేదు. వద్దన్నది నేనే.

"నా మీద కోపం రాలేదేటి మావా?"

"నేనేటి సేసానో నాకు తెలుసు కదే. ఆ మనిషి పెళ్ళాం నా మొకం సూడదు. నువ్వు సూస్తన్నావు, సాలు." మళ్ళీ వల అందుకున్నాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను గానీ, ఇంటికి వెళ్ళాక ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పెద్దకర్మకి మా ఆయన ముచ్చటపడి ఫ్లెక్సీ వేయించారు. నవ్వుతున్న మావయ్య, వెనకాల సముద్రం మీద పెద్ద గుజరాత్ బోటు. దాన్ని చూసి అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడైనా సెప్పవే. ఇంకెవులికి సిగ్గు?" అంది. చెప్పకుండా చెయ్యి విడిపించుకుని, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయడానికి వెళ్ళిపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అచ్చయితే మా ఇంట్లో అందరూ చదువుతారు, చదవనీ.

ఆ రోజు ఊరు ఊరంతా వచ్చింది. ఆయనతో వేటకి వెళ్ళినవాళ్ళు, కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్ళు, అందరికీ అన్నీ తెలుసు. ఒక్కొక్కరే ఆ బోటు బొమ్మ ముందు నిలబడి దండం పెట్టారు. పక్కనే మా ఆయన, "పాపం, గుజరాత్‌లో చాలా కష్టపడ్డారు," అంటున్నారు. వాళ్ళు నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని, "అవును బాబూ, శానా కష్టపడ్డాడు," అంటూ ముందుకు నడిచారు.