వేలం గడియారం ఇల్లు మారిన వైనం

యూలాన్‌కు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ చెవుల మీద కెటిల్ పెడితే టీ మరుగుతుందని గుడి చూసుకునే లాయ్ తాత అంటాడు. ఒకసారి మరిగిందని కూడా అంటాడు. పెంగ్ వారి పూల వేలంశాలలో ఈ మాట నమ్మనివాళ్లు కొందరున్నారు. కానీ ఆ సోమవారం మీటింగులో ఆమె చెవులు చూసినవాళ్లెవరికీ నవ్వు రాలేదు.

ఆమె ముందు ఒక కాగితాల కట్ట ఉంది. పైన పెద్ద అక్షరాలతో ‘వర్చువల్ మెషీన్ల తరలింపు ప్రణాళిక’ అనీ, దాని కింద ‘తయారుచేసినవారు: షియావ్ యూలాన్’ అనీ ఉంది. లోపల సగం ఆమె రాసిందే. మిగతా సగాన్ని తైపే నుంచి వచ్చిన సలహాదారు విల్సన్ ఫాంగ్ ఎర్ర గీతలతో కొట్టేసి, ఆ చోట తన మాటలు పెట్టి, పేరు మాత్రం ఆమెదే ఉంచాడు.

“ఇందులో నా పేరెందుకుంది?” అంది యూలాన్.

“గౌరవం కోసం అక్కా! మొదట రాసింది మీరేగా,” అన్నాడు విల్సన్. మనిషి చల్లగా మాట్లాడతాడు. చొక్కా మీద ఒక్క ముడత ఉండదు.

“అంటే తల కోసేసి, టోపీ మాత్రం నాకే పెట్టారన్నమాట.”

బల్ల చివర కూర్చున్న ఛైర్మన్ పెంగ్ థియెన్‌ఫూ గ్లాసులో టీ ఆకుల్ని చూస్తూ, “అబ్బా, పొద్దున్నే మొదలుపెట్టకు యూలాన్. సంతకం చేసెయ్యి,” అన్నాడు.

యూలాన్ చెయ్యలేదు. కాగితాల్ని చంకలో పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. ఛైర్మన్ ముందు అట్లా లేచిపోయినవాళ్లు ఆ వేలంశాల పుట్టాక ఎవరూ లేరు. తలుపు దగ్గర ఉన్న గులాబీల పెట్టె ఆమె నడిచిన విసురుకి వాడిపోయిందంటారు గానీ, అది నేను చూడలేదు.

ఆమెది తైవాన్‌లోని చాంగ్‌హ్వా జిల్లాలో చామంతులు పండించే ఊరు. అక్కడ రాత్రంతా తోటల్లో బల్బులు వెలుగుతాయి. చీకటి పడిందని తెలిస్తే మొక్కలు తొందరపడి పూసేస్తాయి కాబట్టి రైతులు వాటిని మెలకువగా ఉంచుతారు. యూలాన్ చిన్నప్పుడు ఆ బల్బుల కిందే పీట వేసుకుని లెక్కలు చేసేది. పదహారేళ్లకు వేలంశాలలో కాడలు కట్టలు కట్టే పనికి వచ్చింది. సాయంత్రం బడిలో కంప్యూటర్లు నేర్చుకుంది. గోడ మీది గడియారానికి కంప్యూటరు పెట్టిన రోజున దాని పక్కన నిలబడింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పెళ్లయింది, కొడుకు పుట్టాడు, భర్త పూల లారీ నడుపుతాడు. అయినా ఊళ్లో ఎవరైనా ఆమె గురించి చెప్పాలంటే ‘గడియారం యూలాన్’ అనే చెబుతారు.

ఆ గడియారం టైము చూపించేది కాదు. గుండ్రని పెద్ద పలక మీద ఒక ఎర్ర దీపం పై ధర నుంచి కిందికి జారుతూ వస్తుంది. మెట్ల మీద కూర్చున్న కొనుగోలుదార్లలో ముందు ఎవరు బటన్ నొక్కితే, అప్పుడు దీపం ఉన్న ధరకు పూలు వాళ్లవి. తొందరపడితే ఎక్కువ పెట్టాలి, ఆలస్యం చేస్తే పక్కవాడు ఎగరేసుకుపోతాడు. కాబట్టి దీపం కన్ను ఆర్పినంతసేపు తడబడినా చాలు, రైతో కొనేవాడో ఒకడు మునుగుతాడు.

దీపాన్ని నడిపేది శీతల గిడ్డంగి వెనక గదిలో ఉన్న ఇనుప పెట్టె. పెట్టె ఒకటే అయినా అందులో చాలా కంప్యూటర్లు ఉన్నట్టు నడుస్తుంది. గడియారానికి ఒకటి, రైతుల ఖాతాలకు ఒకటి, ఈమెయిలుకు ఒకటి. వీటినే వర్చువల్ మెషీన్లంటారు. ఒకే మేడలో అద్దెకున్న సంసారాల్లాంటివి. ఎవరి వంట వాళ్లది, ఇల్లంతా తమదేనని ఎవరికి వాళ్లు అనుకుంటారు. ఆ మేడకు యజమానిలా ఉండి, ఎవరికెంత చోటో ఎంత కరెంటో పంచే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. పెట్టె నెత్తిన ఒక ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంటుంది. అది ఉంటే యంత్రం బుద్ధిగా ఉంటుందని తైవాన్ అంతా నమ్ముతుంది. పొట్లం పాతబడకుండా యూలాన్ మారుస్తూ ఉంటుంది.

ఆ హైపర్‌వైజర్‌ను అమ్మే కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. కొత్తవాళ్లు వచ్చీ రాగానే దాన్ని వాడుకునే అద్దె అమాంతం పెంచేశారు. ‘ఇష్టముంటే ఉండండి, లేకపోతే ఖాళీ చెయ్యండి’ అన్నట్టు ఒక ముక్తసరి ఉత్తరం వచ్చింది. యూలాన్ ఆ ఉత్తరాన్ని గది తలుపుకు లోపలివైపు అంటించి, లోపలికి వెళ్లినప్పుడల్లా దాన్నోసారి తిట్టేది.

తిట్టుకుంటూనే చలికాలమంతా కూర్చుని ప్రణాళిక రాసింది. ఏ మెషీను ఏ మెషీనుతో మాట్లాడుతుందో చూసింది. ఈమెయిలు, వెబ్‌సైటు లాంటివి క్లౌడ్‌కు, అంటే ఎక్కడో దూరాన ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే కంప్యూటర్లకు పోవచ్చు. ఖాతాలూ గడియారమూ ఇక్కడే ఉండి, ఇంకో హైపర్‌వైజర్ కిందికి మారాలి. ఇల్లు మారితే, మెషీను సామానంతా ఉండే డిస్కు రూపం మారుతుంది. మెషీను నిద్రలేచి తన పాత నెట్‌వర్క్ కార్డు కోసం వెతుక్కుంటుంది, కనబడక మూగబోతుంది. అందుకే ముందు చిన్నవాటిని మార్చాలి, ఆ తర్వాత ఖాతాల్ని, అన్నిటికన్నా ఆఖరున గడియారాన్ని. అది కూడా వేలం లేని రోజున, ఒకసారి రిహార్సల్ చేశాకే. కొత్త ఇంట్లో ఇబ్బంది వస్తే తిరిగి రావడానికి పాత ఇల్లు తాళం వెయ్యకుండా ఉంచాలి. ఈ చివరి భాగానికి ఆమె ‘వెనక్కి దారి’ అని పేరు పెట్టింది.

విల్సన్ ఎర్ర గీత పెట్టింది సరిగ్గా దాని మీదే. రిహార్సల్ పోయింది, వెనక్కి దారి పోయింది. అన్నీ ఒకేసారి క్లౌడ్‌కు, ఒక్క రోజులో. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ రోజేదో చెప్పమని ఛైర్మన్‌ను అడిగాడు. ఛైర్మన్ తన అలవాటు ప్రకారం పంచాంగం తీసి ‘ఇల్లు మారుటకు శుభం’ అని రాసున్న రోజు వెతికాడు. అది చింగ్‌మింగ్ ముందు వారంలో పడింది.

జనమంతా పెద్దల సమాధులకు చామంతులు పట్టుకెళ్లే పండుగ చింగ్‌మింగ్. నెలల తరబడి బల్బుల కింద మెలకువగా ఉంచి పెంచిన పూలు ఆ వారంలోనే అమ్ముడుపోవాలి. అప్పుడు గడియారం ఆగితే చామంతులు గిడ్డంగిలో కుళ్లుతాయి. రైతులు వచ్చి కాగితం మీద ఎవరి పేరుందని అడుగుతారు. ఉన్నది యూలాన్ పేరు. ఆ రైతుల్లో సగంమంది ఆమె కట్టలు కట్టే రోజుల నుంచీ తెలిసినవాళ్లు.

మధ్యాహ్నం ఆమె భోజనం డబ్బా తెరిచింది గానీ తినలేదు. ఆవరణ మూలనున్న తూదీగోంగ్ గుడి దగ్గరికి వెళ్లి అరుగు మీద కూర్చుంది. నేలను కాచే ఆ ముసలి దేవుడికి మోకాలెత్తు గుడి. లాయ్ తాత వక్క నములుతూ అగరొత్తుల బూడిద ఎత్తుతున్నాడు.

“ఏమ్మా, చెవులకి నిప్పంటుకుందా?”

“తాతా, ఊరుకో. మనుషులు కాగితం చదవరు. తేదీ మాత్రం పంచాంగంలో చూస్తారు. ఇంతకంటే అన్యాయముంటుందా?”

“మీ ఛైర్మన్ ఇక్కడికే వస్తున్నట్టున్నాడు, చూడు. ఆ ఇస్త్రీ చొక్కా కూడా వెంటే ఉన్నాడు.”

ఛైర్మన్ పెంగ్ గిడ్డంగి మార్చినా క్యాంటీన్ పొయ్యి మార్చినా తూదీగోంగ్‌ను అడక్కుండా మార్చడు. నెలవంకల్లాంటి రెండు ఎర్ర చెక్కలుంటాయి, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. వాటిని నేల మీద వేసినప్పుడు పైవైపు ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే దేవుడు సరేనన్నట్టు. రెండూ ఉబ్బుగా పడితే వద్దన్నట్టు. రెండూ చదునుగా పడితే నవ్వినట్టు.

యూలాన్ లేచి నిలబడింది. “ఛైర్మన్ గారూ, చలికాలమంతా నేను రాసినదాంట్లో మీరు ఒక్క పేజీ తిప్పలేదు. ఇప్పుడు చెక్కలు చెబుతాయా?”

“అడగనీ యూలాన్. నువ్వన్నిటికీ అడ్డమే,” అని ఛైర్మన్ అగరొత్తులు వెలిగించి మోకాళ్ల మీద కూర్చున్నాడు. తన పేరు చెప్పాడు, పుట్టిన రోజు చెప్పాడు, వేలంశాల అడ్రసు చెప్పాడు. “మా మెషీన్లు ఆ రోజున క్లౌడ్‌కు ఇల్లు మారబోతున్నాయి స్వామీ. మారమంటారా?” అని చెక్కలు వేశాడు.

రెండూ చదునుగా పడ్డాయి.

“నవ్వాడు,” అన్నాడు లాయ్ తాత.

మళ్లీ వేస్తే మళ్లీ అట్లాగే పడ్డాయి. మూడోసారి వేసినప్పుడు చెక్కలు గాల్లోనే కిసుక్కుమన్నాయని లాయ్ తాత ఇప్పటికీ ఒట్టేస్తాడు.

“ఎందుకు నవ్వుతున్నాడు?” అన్నాడు ఛైర్మన్, ముఖం ముడుచుకుని.

“నవ్వడా మరి! ఇల్లు మారుతున్నామంటావు, కొత్తింటి అడ్రసు చెప్పవు. ఎక్కడికని ఆయన తోడు రావాలి?”

ఛైర్మన్ విల్సన్ వైపు తిరిగాడు. “అడ్రసు చెప్పు బాబూ.”

“సార్, అంటే... క్లౌడ్‌కి అట్లా అడ్రసుండదు. డేటా సెంటర్లు చాలా ఉంటాయి. భద్రత కోసం బయటికి చెప్పరు.”

“వీధి వద్దులే. ఊరు చెప్పు.”

“ఊరంటే... ఇక్కడి సెంటరు ఖరీదెక్కువని సముద్రం అవతలిది తీసుకున్నాం సార్. రద్దీని బట్టి ఇంకో దేశానికి కూడా మారొచ్చు.”

“నా పూలు ఏ దేశంలో అమ్ముడుపోతున్నాయో నాకే తెలీదా?” ఛైర్మన్ గొంతు మొదటిసారి లేచింది. “మరి ఇక్కడ మెట్ల మీద మనిషి బటన్ నొక్కితే?”

“సముద్రం దాటి వెళ్లి, మళ్లీ సముద్రం దాటి వస్తుందండీ, దారిలో చేపల్ని పలకరించుకుంటూ,” అంది యూలాన్. “ఈలోగా దీపం కిందికి జారిపోతుంది. పైగా ఆ పెట్టె నెత్తిన మన ఆకుపచ్చ పొట్లం ఎవరు పెడతారు?”

“అక్కా, అది కేవలం కొన్ని మిల్లీ సెకన్లు...” అని మొదలుపెట్టాడు విల్సన్.

“రిహార్సల్ ఉంటే అవి ఎన్ని సెకన్లో తెలిసేది. ఉంచావా? కొట్టేశావు. కొట్టేసి దాని కింద నా పేరు పెట్టావు!”

లాయ్ తాత వక్క రసం పక్కకు ఉమ్మి, “ఒక పని చెయ్యండి. సంగతంతా మొదటి నుంచి ఆయనకు చదివి వినిపించండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరు ముందు, ఎవరు వెనక. అంతా చెప్పకుండా అడిగితే ఆయన ఇట్లాగే నవ్వుతుంటాడు,” అన్నాడు.

అది అక్కడి పద్ధతే. దేవుడికి సగం చెప్పి దాచకూడదు. దాంతో ఛైర్మన్ పెంగ్ కళ్లజోడు పెట్టుకుని, యూలాన్ చంకలోని కట్ట తీసుకుని, గుడి ముందు పైకి చదవడం మొదలుపెట్టాడు. మనుషుల కోసం ఒక్క పేజీ తిప్పనివాడు దేవుడి కోసం అన్ని పేజీలూ తిప్పాడు. యూలాన్‌కు అది చూస్తే ఒళ్లు ఇంకా మండింది. అయినా నోరు కట్టేసుకుంది. అగరొత్తులు అయిపోయాయి, కొత్తవి వెలిగించారు. లాయ్ తాత ఒక కునుకు తీసి లేచాడు. విల్సన్ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాడు. అతని చొక్కాకు మొదటి ముడత పడింది.

‘వెనక్కి దారి’ దగ్గర ఛైర్మన్ ఆగాడు. ఎర్ర గీత కింద ఉన్న అక్షరాల్ని కూడబలుక్కుని చదివాడు.

“ఇది కొట్టేసింది ఎవరు?”

“ఖర్చు తగ్గుతుందని సార్,” అన్నాడు విల్సన్.

“పక్కింటికి వెళ్లినా తిరిగొచ్చే దారి చూసుకుంటాం కదయ్యా!” అని ఛైర్మన్ యూలాన్ వైపు చూశాడు. “నువ్వైనా ముందే చెప్పొద్దా?”

“చెప్పానండీ, మీ బల్ల మీద పెట్టి మరీ చెప్పాను. దాని మీద మీరు టీ గ్లాసు పెట్టుకున్నారు. ఇదిగో, ఆ మరక!”

మొదటి పేజీ మీద గుండ్రటి మరక అట్లాగే ఉంది. ఛైర్మన్ దగ్గి, జేబులోంచి కలం తీసి, ఎర్ర గీతల పక్కన ‘ఉంచాలి’ అని తన చేత్తో రాశాడు. ‘గడియారం కొత్త అడ్రసు?’ అని అడిగితే ‘మన వేలంశాలే, అదే గది, ఈ గుడికి వెనక గోడే’ అంది యూలాన్. తేదీ చింగ్‌మింగ్ తర్వాతికి జరిగింది. పాత హైపర్‌వైజర్ కంపెనీకి మరో సీజన్ అద్దె కట్టడానికి పళ్లు కొరుకుతూ ఒప్పుకున్నాడు. అప్పుడు మళ్లీ చెక్కలు చేతిలోకి తీసుకున్నాడు. అవి ఎట్లా పడ్డాయో యూలాన్ చూడలేదు. సంతకం చేసేసి, అన్నం చల్లారిపోతోందని వెళ్లిపోయింది.

పండుగ వారం చామంతులన్నీ పాత గడియారం కిందే అమ్ముడుపోయాయి. తర్వాత సెలవు రోజున, పాత పెట్టె పక్కనే కొత్త హైపర్‌వైజర్‌తో తెచ్చిపెట్టిన ఇంకో పెట్టెలో రిహార్సల్ చేస్తే, కొత్త ఇంట్లో గడియారానికి మత్తెక్కింది. దీపం తేనెలో పడ్డ చీమలా జారసాగింది. పాత హైపర్‌వైజర్ చెప్పే టైముకు అలవాటుపడ్డ మెషీను, కొత్త యజమాని చెప్పే టైము వినడం లేదు. యూలాన్ ఏమీ కంగారుపడలేదు. వెనక్కి దారిలో దాన్ని పాత ఇంటికి తెచ్చి, మర్నాడు వేలం మామూలుగా జరిపించి, తీరిగ్గా టైము సరిచేసి మళ్లీ మార్చింది. ఈసారి దీపం చక్కగా జారింది. ఆకుపచ్చ పొట్లం కొత్త పెట్టె నెత్తికెక్కింది.

ఛైర్మన్ కాల్చిన పంది మాంసం తెప్పించి, అంతా తూదీగోంగ్ దయేనని అందరికీ పంచాడు. యూలాన్ మాంసం తింది, ఆ మాట మాత్రం మింగలేకపోయింది.

తర్వాత కొన్నాళ్లకు విల్సన్ కంపెనీ నుంచి నున్నటి కరపత్రం వచ్చింది. ‘ఒక్క వేలమూ ఆగకుండా పూల వేలంశాల తరలింపు విజయం’ అని ఉంది. లోపల ‘వెనక్కి దారి’ గురించి పెద్ద వ్యాసం, పక్కన విల్సన్ ఫోటో. ఆమె రెండువైపులా తిప్పి చూసింది. ఈసారి షియావ్ యూలాన్ అనే పేరు ఎక్కడా లేదు.

ఆమె అక్కడికక్కడే ఫోను తీసింది. “విల్సన్! అప్పుడు గౌరవం కోసం నా పేరు పెట్టావు కదా. ఇప్పుడు ఆ గౌరవం ఏ దేశానికి మారింది? అడ్రసు చెప్పు!”

అవతల నుంచి జవాబు వచ్చేలోపు లాయ్ తాత కెటిల్ నిండా నీళ్లు పోసుకుని ఆమె చెవి పక్కన వచ్చి నిలబడ్డాడు.

“మాట్లాడమ్మా, మాట్లాడు,” అన్నాడు. “తొందరేం లేదు.”