మా నాయన ఎంచిన చప్పుడు బండి

దువ్వూరు బడిలో టీచరుగా చేరిన మా అమ్మాయి స్టెల్లాకు మొదటి బండి కొనడానికి ఈ రోజు మా నాయనను కూడా వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు షోరూముకు వెళ్ళాం. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది కదా అని తేలికైన, చప్పుడు లేని బండి చూపించాను.

చప్పుడు లేని బండి ఎంచే అలవాటు నాకు నాయన నుంచే వచ్చింది. ఫ్యాక్షన్ రోజుల్లో జమ్మలమడుగు పక్కన మా ఊళ్ళో పెద్ద మోటారుసైకిల్ చప్పుడు వినబడితే జనం బిక్కచచ్చిపోయేవారు. అందుకే "మనల్ని చూసి ఎవురూ బెదరగూడదు" అంటూ నాకు చిన్న మోపెడ్ ఇప్పించాడు. కాలేజీలో అందరూ నవ్వేవారు.

ఈ రోజు ఆయనే పెద్ద బండి స్టార్ట్ చేయించి చెవి పెట్టి విన్నాడు. స్టెల్లా కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో చూసి, "ఇదే తీసుకో పాపా" అన్నాడు.

"ఏంది నాయనా, నాకు మోపెడ్, దానికి ఇదా?" అన్నాను.

"అప్పుడు వచ్చేది ఎవురో అని భయంరా. ఇప్పుడైతే నా మనమరాలు వస్తాండాదని తెలుస్తాది."

షోరూము గేటు దాటగానే స్టెల్లా క్లచ్ ఒక్కసారిగా వదిలేయడంతో బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. జీవితమంతా ఎవరి కంటా పడకుండా బతికిన మా నాయన రోడ్డుకు అడ్డంగా నిలబడి, చెయ్యెత్తి, వస్తున్న బస్సును ఆపేశాడు.

బస్సు ముందు ఆయన్ను చూసేసరికి నాకు మాత్రం ఆ చిన్న మోపెడే నయమనిపించి, దాని మీద బెంగ పుట్టింది. మీ మొదటి బండిని ఎంచింది ఎవరు?