రోడ్డువైపు మంచం

ఆ మేడమీద ఉన్నవి రెండే గదులు. ముందుగది కిటికీ కింద నాలుగు రోడ్ల కూడలి. వెనకగది కిటికీలోంచి చేయి చాస్తే పక్కింటి గోడ తగిలేది. ముందుగదిలో ఒక మూల టైలరమ్మ కుట్టుమిషను, కిటికీని ఆనుకొని ఆమె భర్త మంచం.

ఆయన సిటీబస్సు డ్రైవరుగా చేసి ఇంట్లో పడ్డవాడు. వాళ్ళ పరిచయం ఒక చిరిగిన యూనిఫాం చొక్కాతో మొదలైంది. జేబు కుట్టించుకు వెళ్ళిన మనిషి మర్నాడు అదే జేబు చింపుకొని మళ్ళీ వచ్చాడు. "మీ జేబుకేదో జబ్బున్నట్టుందే" అని ఆమె నవ్వింది. మూడోసారి వచ్చినప్పుడు పెళ్ళిమాట ఎత్తాడు. పిల్లలు కలగలేదు. కొన్నేళ్ళు దానికోసం కుమిలి, తర్వాత ఒకరికొకరు పిల్లలై సర్దుకుపోయారు.

రిటైరు కాకముందే ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. మెట్లు దిగలేని రోజు వచ్చాక వెనకగదిలోని మంచాన్ని ముందుకు జరిపించింది టైలరమ్మే. గాలి ఆడుతుంది, బస్సులూ కనబడతాయని. ఇక ఆయనకు ఆ కిటికీయే లోకమైపోయింది. కళ్ళు మూసుకొని చప్పుడును బట్టి ఏ బస్సో చెప్పేవాడు. "వినవే, ఆ గేరు మార్చడం! ఇంజనుకి నోరుంటే వాణ్ణి బండబూతులు తిట్టేది" అని కొత్త డ్రైవర్ల మీద విరుచుకుపడేవాడు. తిట్టడం పూర్తయ్యేలోపు దగ్గు తెర వచ్చేది.

ఒకరోజు కాలేజీలో పరిశోధన చేసే అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఆమె సంచిలో వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలున్నాయి. ఒక చివర మూత, ఆ మూతలో మందు పూసిన చిన్న జాలీ. రెండో చివర తెరిచే ఉంటుంది. బండ్ల పొగలోని ఒక విషవాయువు దానంతటదే లోపలికి వెళ్ళి ఆ మందుకు అంటుకుంటుంది. కొన్ని వారాలు వేలాడదీసి, తెరిచిన చివరకీ మూత బిగించి, లాబ్‌కి పంపితే ఆ చోట సగటున ఎంత విషముందో తెలుస్తుంది. కరెంటుతో పని లేదు, ఖర్చూ తక్కువే.

"పెద్ద మిషన్లు ఊరి మొత్తానికి రెండో మూడో ఉన్నాయి పిన్నీ. అవీ చెట్ల మధ్య పెట్టారు. జనం ఉండేదేమో ఇక్కడ" అంది అమ్మాయి.

"రోడ్డుకి థర్మామీటరు పెడుతున్నావా తల్లీ?" అన్నాడు డ్రైవరు. "జ్వరమెంతుందో నాక్కూడా చెప్పు."

ఒక గొట్టం ముందు కిటికీ ఊచకు, ఇంకొకటి వెనక కిటికీకి కట్టి వెళ్ళింది.

ఫలితాలు తెచ్చిన రోజు అమ్మాయి కుర్చీ అంచునే కూర్చుంది. ముందు కిటికీ దగ్గరి గాలిలో వెనకదానికి రెండింతలకు పైగా విషముందట. టైలరమ్మ మిషను ఆపేసింది.

"గాలి కోసమని నేనే కదమ్మా మంచం ఇక్కడ వేయించాను."

డ్రైవరు అందుకున్నాడు. "ఇన్నేళ్ళూ స్టీరింగు ముందు కూర్చుని పీల్చినదాంట్లో ఇదెంతే? ఊరుకో."

టైలరమ్మ ఊరుకోలేదు. మర్నాడే మంచాన్ని వెనకగదికి చేర్పించింది. నెల తిరక్కుండానే దగ్గు కాస్త నెమ్మదించింది. మనిషి మాత్రం మూగవాడైపోయాడు. గోడకేసి చూస్తూ పడుకునేవాడు. కంచంలో అన్నం అలాగే ఎండిపోయేది. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకొని, "దగ్గు తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ ఎందుకు తగ్గినట్టే? ఈ గోడ చూడ్డానికా?" అన్నాడు.

ఆమె అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చింది. అమ్మాయి మరో పరికరం తెచ్చింది. అరచేతిలో పట్టే డబ్బా, చౌకరకం సెన్సరు. పొగలోని సన్నటి ధూళి ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుతోందో దాని మీద అంకెల్లో కనబడుతుంది. అంకె దిగినప్పుడు ముందుగదిలో కూర్చోవచ్చు, ఎక్కగానే వెనక్కి వెళ్ళాలి. అదీ ఒప్పందం. మధ్యాహ్నం భోజనాల తర్వాత కూడలి కాస్త పలచబడేది. అప్పుడు ఆయన్ని భుజాన ఆనించుకొని మెల్లగా నడిపించుకొచ్చేది.

"నా బస్సులు చూసుకోడానికి ఈ డబ్బా పర్మిషనా!" అని ఆయన సణిగేవాడు. అయినా మొహంలోకి కళ మళ్ళీ వచ్చింది.

చలికాలం మొదట్లో కాలేజీ పథకం ముగిసింది. డబ్బాను తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ చలికి పొగ నేలను కరుచుకొని కదిలేది కాదు. డ్రైవరు మళ్ళీ మంచం దిగలేదు.

ఒక పొద్దున ఆమె ఆయనకు గంజి తాగిస్తోంది. కింద ఏదో బస్సు బరువుగా గేరు మార్చుకుంటూ మలుపు తిరిగింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏ నంబరే అది? పోల్చుకోలేకపోతున్నాను. చూసిరా."

ఆమె గిన్నె కింద పెట్టి ముందుగదికి పరుగెత్తింది. బస్సు అప్పుడే మలుపు దాటుతోంది. కిటికీ ఊచలకు మొహం ఆనించి నంబరు చదువుకుంది. వెనక్కి వచ్చి చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి గట్టిగా చెప్పాక ఆయన గుండెల మీద చెయ్యి వేసి చూసింది.

పరామర్శకు వచ్చిన అమ్మాయిని టైలరమ్మ ఒక్కటే అడిగింది. "మొదటినుంచీ వెనకగదిలోనే ఉంచి ఉంటే బతికేవాడా?"

అమ్మాయి ఆమె పక్కన కూర్చుంది. "తెలీదు పిన్నీ. గొట్టం గాలి సంగతే చెబుతుంది. ఒక్క మనిషి సంగతి చెప్పలేదు."

"అబద్ధమైనా ఆడలేకపోయావా తల్లీ" అంటూ టైలరమ్మ ఆ పిల్ల భుజం మీద తల వాల్చింది.

ఎండాకాలంలో కాలేజీ మళ్ళీ గొట్టాలు పంచింది. ఈసారి బడి ఉన్న రోడ్డుకి. తానే కడతానని టైలరమ్మ ముందుకు వచ్చింది. చిన్న నిచ్చెన చంకన పెట్టుకొని స్తంభం స్తంభానికీ తిరిగింది. ఆ ఫలితాలు చూసి బడివాళ్ళు రోడ్డువైపు గేటు మూసి, వెనక సందులో కొత్త గేటు తెరిచారు. ఆ వార్త విన్నరోజు ఆమెకు సంతోషం కలగలేదు. ఇంటికి వెళ్ళి చెప్పుకోవడానికి ఎవరూ లేరన్నదే గుర్తొచ్చింది.

బడులు తెరిచాక ఒక ఉదయం ఆమె అదే రోడ్డులో మరో విడత గొట్టాలు కడుతూ నిచ్చెన మీద ఉండగా, పిల్లని చంకనెత్తుకున్న ఒకావిడ రొప్పుతూ ఆగింది. "ఎవరు మార్పించారో గానీ ఈ గేటు, చుట్టూ తిరగలేక కాళ్ళు పోతున్నాయి" అని విసుక్కుంది.

"నిజమేనమ్మా, దూరమే" అంది టైలరమ్మ. తీగ బిగించి, దిగి, నిచ్చెన పట్టుకొని పక్క స్తంభం దగ్గరికి నడిచింది.